దేవుడి జున్ను

ఆమె ముఖం ఇప్పుడు గుర్తులేదు. అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫామ్ మీద నా పక్కనే నిలబడింది. చేతిసంచిలో పశువులకు తాగించే కాల్షియం మందు సీసా, ఫోన్ స్పీకర్‌లో అత్తగారి గొంతు. ఆ ఉదయమే వాళ్ల ఆవు గౌరి ఈనింది.

"చెవులు సల్లగైనయి పిల్లా, కాళ్లు వణుకుతున్నయి. ఎవరి దిష్టో ఏమో! దేవునికి జున్ను పెడదామని పాలన్నీ పిండుతున్న."

"అత్తమ్మా, జర ఆగు! పాలన్నీ గుంజితే దాని ఒంట్ల ఉన్న కాల్షియం సుత పోతది. దూడ తాగినన్ని చాలు. డాక్టర్ బయలెల్లిండు, నేను మందు తెస్తున్న."

"తొలి జున్ను దేవునికి పెట్టకుంటే ఎట్లనే?"

"దేవుడు రేపు తింటడు. గౌరి ఇయ్యాల పడ్డదంటే మళ్ల లేవది."

అవతల చెంబు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "సరే తియ్, చెంబు పక్కన పెట్టిన" అని వినిపించింది.

మూఢనమ్మకాల మీద పత్రికల్లో రాసేవాణ్ణి, రైలెక్కాక ఉండబట్టలేక అడిగాను. "దిష్టి అనేదే లేదని ఆవిడకు గట్టిగా చెప్పొచ్చు కదమ్మా?"

"గా పంచాయతీ పెట్టుకుంటే ఆమె పిండుడు ఆపకపోతుండె సార్."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆ ఇంట్లో దిష్టి అలాగే మిగిలిపోయింది కదా! ఆ మాట అనేలోపే పంజాగుట్ట వచ్చింది, దిగిపోయాను.

మూఢనమ్మకాల మీద ఇప్పటికీ అంతే కోపంగా రాస్తాను. ఎవరైనా జున్ను తెచ్చిపెడితే మాత్రం, చెంచా అందుకునే ముందు ఆవు లేచి తిరుగుతోందా అని అడుగుతాను.