డిస్కు కోసమా, కరెంటు కోసమా

రిపేరు చేసే నరేష్ నా ల్యాప్‌టాప్‌ను ఎత్తి, దాని అడుగుభాగాన్ని నా చెవి దగ్గర పెట్టాడు. లోపల సన్నగా కరకరమంటోంది, ఎండిన తునికాకును వేళ్ళతో నలిపినట్టు. హార్డ్ డిస్కు పాతబడిందని, కొత్త రకం వేస్తే కన్ను మూసి తెరిచేలోగా ఫైళ్ళు తెరుచుకుంటాయని, కాకపోతే ధర ఎక్కువని చెప్పాడు. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు. అయినా నేను అరగంటసేపు అతని దుకాణంలో కూర్చుని, వేయించాలో వద్దో తేల్చుకోలేక, వారం తర్వాత చెప్తానని ల్యాప్‌టాప్ తీసుకుని లేచి వచ్చాను. మిగతా విషయాల్లో నేను గడుసుదాన్నే. ఈ ఒక్క దాంట్లోనే పాతికేళ్ళుగా ఎటూ పాలుపోదు. దానికి కారణం రాజమల్లు సార్.

కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వెనుక సందులో, ఒక బట్టల కొట్టు పైన ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంటర్ తప్పి, ఒళ్ళో చాట పెట్టుకుని అవ్వతోపాటు బీడీలు చేస్తున్న నన్ను బాపు తీసుకొచ్చి అక్కడ చేర్పించాడు. సార్ బక్కపలచని మనిషి. మా అందరికీ వీపు పెట్టి కిటికీ దగ్గర పేపరు చదువుతూ కూర్చునేవాడు. నేను చేరిన వారానికి, తల తిప్పకుండానే, మూడో మిషన్ మీదున్న అమ్మాయి చిటికెన వేలు వాడటం లేదన్నాడు. మూడో మిషన్ నాదే. కిటికీలో ఎక్కడో అద్దం దాచాడనుకుని రెండు రోజులు దొంగచూపులు చూశాను. అద్దమూ లేదు, గిద్దమూ లేదు. చిటికెన వేలితో కొట్టాల్సిన అక్షరాన్ని పక్క వేలితో కొడితే చప్పుడు బరువుగా వస్తుందట. అంతటి చెవి ఆయనది. చెవితోనే నాకు టైపు నేర్పాడు.

తొంభైలు వచ్చేసరికి టైపు నేర్చుకునేవాళ్ళు పలచబడ్డారు. సార్ సగం మిషన్లు అమ్మేసి ఒక కంప్యూటర్ కొన్నాడు. బడులకు పరీక్ష పేపర్లు, పెళ్ళి పత్రికలు చేసేవాళ్ళం. జీతానికి పొద్దున పూట నేను కూర్చునేదాన్ని, మధ్యాహ్నం నుంచి పద్మక్క. ఆమె భర్త సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసేవాడు. మా కంప్యూటర్‌లో డిస్కు మహా నిదానం. సేవ్ నొక్కితే కరకరమని నమిలి నమిలి, ఎప్పటికో వదిలేది. దానికి తోడు కరెంటు. ఒకసారి సాంఘిక శాస్త్రం పేపరు రెండు పేజీలు కరెంటు పోయి మాయమయ్యాక, భయంతో నేను ప్రతి వరుసకూ సేవ్ నొక్కడం మొదలుపెట్టాను. దాంతో ఆ డిస్కు ఇంకా నిదానమైంది. పని ఆలస్యమవుతున్నది డిస్కు వల్లనో కరెంటు వల్లనో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

సార్ దగ్గర ఒక్కటే కొనే స్తోమత ఉంది. వేగంగా తిరిగే కొత్త డిస్కు అన్నా కొనాలి, కరెంటు పోయినా కంప్యూటర్‌ను నడిపించే యూపీఎస్ అన్నా కొనాలి. పొద్దున డిస్కు అనేవాడు, సాయంత్రానికి యూపీఎస్ అనేవాడు. కింద బట్టల కొట్టు సేటును అడిగాడు, చాయ్ తెచ్చే ఆయన్ను అడిగాడు. అంతటి పెద్దమనిషి అలా పరేషాన్ అవుతుంటే నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. డిస్కులు అమ్మడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి ఆ నవ్వు ఆర్పేశాడు. కొత్త డిస్కు వేస్తే రెండు పూటల పని ఒక్క పూటలో అయిపోతుందని, ఇక ఒక మనిషి చాలని నా ముందే చెప్పాడు. పద్మక్క తర్వాత వచ్చినదాన్ని నేను. తీసేస్తే నన్నే తీసేయాలి. ఇంట్లో ఆ చాట ఇంకా గోడకు ఆనించే ఉంది.

ఆ మరునాడు సార్ ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు.

"వారం దినాలు నువ్వు దేనికోసం ఆగుతున్నవో గీండ్ల రాయి. డిస్కు కోసం ఎంతసేపు, కరెంటు కోసం ఎంతసేపు. కూసోని పనిచేసేది నువ్వు, నీకంటె ఎక్కువ ఎవలకెర్క?"

అప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో కూడా మా మేనమామే చెప్పాడు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. అంత గర్వపడిన నేను చేసిన పని చూడండి. మొదటి రోజు ఉన్నది ఉన్నట్టు రాశాను. డిస్కు అరపేజీ నిండింది, కరెంటు రెండు వరుసలు. చదువుకుంటే నన్ను పనిలోంచి తీసేసే కాగితం నేనే రాసుకున్నట్టు అనిపించింది. రెండో రోజు నుంచి డిస్కు ఆపిన నాలుగు నిమిషాలను ఒకటి చేశాను. కరెంటు పోయిన పది నిమిషాలను అరగంట చేశాను. బుధవారం కరెంటు పోనేలేదు. అయినా పోయిందని రాశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, సార్ అదే గదిలో నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడన్న సంగతి నాకు తట్టనే లేదు.

శనివారం సార్ వేలు తడి చేసుకుంటూ ప్రతి పేజీ చదివాడు. సోమవారం యూపీఎస్ వచ్చింది.

దానివల్ల లాభం లేకపోలేదు. వరుస వరుసకూ సేవ్ నొక్కే బాధ తప్పింది. కానీ బొమ్మలున్న పేజీ తెరవాలంటే అదే కరకర, అదే నిరీక్షణ. మరుసటి ఏడు రెండు బడులవాళ్ళు తమ పేపర్లను బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన సెంటర్‌కు ఇచ్చారు. అక్కడ పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతిలో పెడుతున్నారట. సార్ మా ఇద్దరిలో ఎవరినీ తీసేయలేదు. తన పేపరు తను చదువుకున్నాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లో కిటికీ దాకా వెళ్ళి, రిబ్బన్ అయిపోయిందనో కాగితం కావాలనో అడిగి వచ్చేశాను.

రెండేళ్ళకు నాకు మంచిర్యాల సంబంధం కుదిరింది. చివరి రోజు మిఠాయి పట్టుకుని వెళితే, సార్ అది తీసుకుని, కిటికీ వైపు చూస్తూనే మాట్లాడాడు.

"ఆ బుధారం కరెంట్ పోలే బిడ్డా. నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతనే ఉండె. డిస్కు చప్పుడు గూడ రోజూ ఇనుకుంటనే ఉన్న."

నేలలోకి కుంగిపోయాను. మరి డిస్కు ఎందుకు కొనలేదు సార్ అని అడిగాను.

"నిన్ను అడిగితిని గద. అడిగినంక నీ మాట పక్కకు పెడ్తె, మల్ల నువ్వు ఎవలకన్న నోరిడిసి చెప్తవా?" అన్నాడు. మళ్ళీ తనే, "చేసింది ఒప్పో తప్పో నాకు గూడ సమజైతలేదు" అన్నాడు.

అది నాకూ ఇప్పటికీ అర్థం కాలేదు. నా అబద్ధాన్ని గౌరవించాడా, నా భయాన్ని చూసి జాలిపడ్డాడా? నిజం రాసి ఉంటే నన్ను తీసేసేవాడా, లేక డిస్కు కొని ఇద్దరినీ ఉంచుకునేవాడా? అడుగుదామంటే సార్ పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు మంచిర్యాలలో నాకే ఒక చిన్న డీటీపీ సెంటర్ ఉంది. ఆ ల్యాప్‌టాప్ మీద పనిచేసేది లత అనే అమ్మాయి. నరేష్ దుకాణం నుంచి వచ్చిన రోజే ఒక నోటుబుక్కు కొని ఆమె ముందు పెట్టాను, దేనికోసం ఎంతసేపు ఆగుతోందో వారం రోజులు రాయమన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు.

"కొత్త డిస్కు ఏపిచ్చినా ఏపియ్యకున్నా నీ పని ఎటూ పోదు. గీ మాట ముందుగాల చెప్తున్న. ఇగ రాయి" అన్నాను.

ఈ ఉదయం నోటుబుక్కు నా చేతికొచ్చింది. వారమంతా డిస్కే. గురువారం దగ్గర మాత్రం, నేను అడగని వరుస ఒకటి ఉంది: "ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పది నిమిషాలు డిస్కు కోసం కాదు, నేనే పని ఆపిన."

నరేష్‌కు ఫోన్ చేసి కొత్త డిస్కు వేయమన్నాను. రాజమల్లు సార్ అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు నిజమైన జవాబు వచ్చింది. రాసింది మాత్రం నేను కాదు.