మెడ చుట్టూ చేతులు

చదువుకోడానికి పరాయి దేశం వచ్చిన ఆ అమ్మాయి ఎవరిని చూసినా ముందు గోళ్లు చూస్తుంది. అనాథ పిల్లల హాస్టల్లో ఒక్కరోజు సేవ చేస్తే కాలేజీ మార్కులేస్తుంది. మార్కుల కోసమే వచ్చింది, దాచేదేముంది. వచ్చినా, వంచిన నడుం ఎత్తకుండా ఇరవై మందికి గోళ్లు కత్తిరించింది, తలల్లో పేలు తీసింది. ఫోటోలు మాత్రం తీయకూడదనుకుని ఫోన్ సంచి అడుగున పెట్టింది. అందరికన్నా చిన్నది, అంతా బుడంకాయ అని పిలిచే పిల్ల, గోళ్లు తీసేదాకా చెయ్యిచ్చి, అవగానే లాక్కుని గోడవారకు పోయింది. సాయంత్రం బస్సుకు వేళయిందేమో చూద్దామని ఆమె ఫోన్ బయటికి తీసింది. అంతే, పిల్లలు తింటున్న పళ్లేలు వదిలేసి, పొడుగువాళ్లు వెనక, పొట్టివాళ్లు ముందు, చకచకా వరస కట్టారు. బుడంకాయ ఒళ్లోకెక్కి, మెడ చుట్టూ చేతులేసి పళ్లికిలించింది.

"రెడీ అక్కా! ఏడుపు మొహం కావాలంటే వీడు బాగా పెడతాడు," అన్నాడొకడు పక్కవాణ్ణి ముందుకు తోస్తూ.

ఫోటో కాదురా అనబోయి ఆగింది. ఈ దేశం వచ్చిన ఎనిమిది నెలల్లో ఆమెను ఎవరూ తమంతట తాముగా ఒక్కసారైనా ముట్టుకోలేదు.

"అయిందా అక్కా? చేతులు లాగుతున్నాయి," అంది బుడంకాయ.

"ఇంకొక్కటి తల్లీ," అంది ఆమె, దేన్నీ నొక్కకుండా, ఫోన్ అలాగే ఎత్తి పట్టుకుని.