చివరి మూడు గడులు

మొన్న ముత్తంగి దగ్గర సిగ్నల్లో ఆగి ఉన్నాను. పచ్చలైటు పడగానే పక్కనున్న కారు సన్నగా ఈల వేసినట్టు శబ్దం చేస్తూ దూసుకుపోయింది. టర్బో కారు, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపే రకం. ఈ రోజుల్లో అదేమంత వింత కాదు, సందుకొకటి కనిపిస్తుంది. కానీ ఆ ఈల వింటే ఇప్పటికీ నాకు మొగులయ్య సార్ గుర్తొస్తారు. ఆయన కబుర్లు వినీ వినీ మా ఇంట్లోవాళ్లు విసిగిపోయారు. అందుకే ఆయన్నెప్పుడూ చూడని మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. ఫ్యాక్టరీల పైపుల్లో నీళ్లు, ఆవిరి, గాలి ఎంత పోతున్నాయో కొలిచే మీటర్లు చెడిపోతే మా దగ్గరికి వచ్చేవి. నేను పాలిటెక్నిక్ డిప్లొమా చేతబట్టుకుని, సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వచ్చేదాన్ని. షెడ్డులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఒకసారి ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు వచ్చి, నన్ను చూసి మొహం అదోలా పెట్టి, సార్‌ని పిలవమన్నాడు. సార్ లోపలి నుంచే, ఆ మీటరు సంగతి ఆమెకే తెలుసు, నాకు తెల్వదు అన్నారు. తెలియకపోవడమేమిటి, ఆ రకం మీటర్లు ఆయన వందల్లో విప్పి ఉంటారు! ఆ ఇంజనీరు నా ముందు స్టూలు మీద కూర్చుని పావుగంట సేపు నేను చెప్పింది విన్నాడు. ఆ రోజు నా పాదాలు నేల మీద లేవు.

సార్‌కి ఒక పట్టింపు ఉండేది. ప్రతి మీటరుకూ ఒక కాగితం. అది మా దగ్గరికి వచ్చినప్పుడు ఎంత చూపిస్తోందో ఎడమవైపు గడుల్లో రాయాలి, బాగుచేశాక ఎంత చూపిస్తోందో కుడివైపు రాయాలి. ఎడమవైపు నిండేదాకా స్క్రూ మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. వచ్చినప్పటి రోగమేందో రాసుకోకుండా మందేస్తే, తగ్గిందో లేదో ఎట్ల తెలుస్తదని అడిగేవారు. నాకు లోలోపల విసుగ్గా ఉండేది. చేతికి పని తెలిసినదానికి ఈ రాత కోతలెందుకు అనుకునేదాన్ని. వయసు అలాంటిది మరి.

ఒకరోజు జోగిపేటలో ధాన్యం వ్యాపారం చేసే విశ్వనాథం సేటు పాత విదేశీ కారొకటి లారీ మీద వేసుకుని తెచ్చాడు. ఎప్పుడో ఎనభైల్లో తయారైన పెట్రోలు టర్బో బండి. చనిపోయిన వాళ్లన్న ప్రాణంగా చూసుకున్న బండట. ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోందో కొలిచే మీటరు అరిగి, బండి కుదుపులకు దాని లెక్క తెగిపోతోంది. గాలి లెక్క తెలిస్తేనే ఇంజన్ తగినంత పెట్రోలు తీసుకుంటుంది, లేకపోతే దగ్గి ఆగిపోతుంది. తిరిగిన ప్రతి మెకానిక్కూ ఈ ఇంజన్ పీకి డీజిల్ ఇంజన్ పెట్టించుకొమ్మనే చెప్పాడట. గాలి కొలిచేవాళ్లు పటాన్‌చెరులో ఉన్నారని ఎవరో అంటే మా దగ్గరికి వచ్చాడు. సార్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కార్ల పని తనకు రాదని, గాలి పని మాత్రం వచ్చని చెప్పి ఒప్పుకున్నారు.

పాత మీటరులో గాలి తోపుకు ఊగే రేకు ఒకటి ఉంటుంది. దాని బదులు వేడి తీగతో గాలిని కొలిచే కొత్తరకం సెన్సర్ వేయాలని సార్ నిర్ణయించారు. కాకపోతే కారు కంప్యూటర్‌కి పాత మీటరు భాషే తెలుసు. కొత్త సెన్సర్ చెప్పేది పాత భాషలోకి మార్చడానికి మధ్యలో చిన్న సర్క్యూట్ బాక్సు పెట్టాలి. కుదుపు లేకుండా పెడితే పాత మీటరు సరిగ్గానే చెబుతుంది కాబట్టి, దాన్ని గాలి ఊదే మా బ్లోయర్‌కి బిగించి, తక్కువ గాలి నుంచి ఎక్కువ గాలి దాకా పదిచోట్ల అది ఏమంటోందో రాయాలి. ఆ పని నాకు అప్పగించారు.

ఏడు గడులు బుద్ధిగా నింపాను. నాలుగింటికి కరెంటు పోయింది. ఆరైనా రాలేదు. నా బస్సు వేళ దాటిపోతోంది. ఏడు అంకెలూ ఇంచుమించు ఒక వరసలో పెరుగుతున్నాయి కదా, తర్వాతి మూడూ అదే వరసలో ఉంటాయని లెక్కగట్టి రాసేశాను. నా మొహం, గాలి బాగా పెరిగితే ఆ రేకు వరస తప్పుతుందని నాకేం తెలుసు? పొద్దున సార్ కాగితం చూసి సంతకం పెట్టారు. దాని ప్రకారమే బాక్సు తయారు చేసి, సెన్సర్ బిగించాం. బండి స్టార్ట్ చేస్తే పిల్లిలా గుర్రుమంది. సేటు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఉబ్బిపోయాను.

హైవే మీద చూసొద్దామని సార్ స్టీరింగ్ పట్టారు. పక్కన సేటు, వెనక నేను. రుద్రారం దాటాక ఎత్తు మీద సార్ గట్టిగా తొక్కారు. టర్బో ఈల మొదలై పెరిగింది, బండి ముందుకు ఎగిరింది. అంతలోనే ఇంజన్‌లో శనగలు డబ్బాలో పోసి ఆడించినట్టు కటకటమని చప్పుడు. సార్ ఠక్కున కాలు తీసేశారు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే అలా మోగుతుందని, ఇంకాసేపు తొక్కితే పిస్టన్లు కరిగిపోతాయని నాకూ తెలుసు. పిస్టన్లు పోతే ఈ దేశంలో దొరకవు. ఆ బండి కథ డీజిల్ ఇంజన్ దగ్గర ముగుస్తుంది. ఆ మూడు గడులు కళ్ల ముందు ఆడాయి.

మెల్లగా వెనక్కి వచ్చాం. సేటు ఎదురుగా ఉన్న హోటల్‌కి చాయ్ తాగడానికి వెళ్లాడు. సార్ కాగితం తీసి బల్ల మీద పరిచి, చివరి మూడు గడుల మీద వేలు పెట్టారు.

"బిడ్డా, ఈ అంకెలు మీటరు చెప్పిందా, నువ్వు చెప్పినవా?"

నేనే రాసిన సార్ అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. సేటుకి చెప్పొద్దని, బాక్సులో లోపం వచ్చిందని చెబుదామని బతిమాలాను. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, సేటు నన్ను ఎలా చూస్తాడోనన్న సిగ్గు ఎక్కువగా ఉంది. సార్ కోప్పడలేదు. పెన్ను నా చేతికిచ్చి, అంకెలు కనబడేటట్టే అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. చూడకుండా రాశానని రాసి సంతకం పెట్టాను. ఇక నన్ను ఇంటికి పొమ్మంటారని ఎదురుచూస్తున్నాను. ఆయన పెన్ను తీసుకుని నా సంతకం కింద ఇంకో లైను రాశారు: ఆ రోజు నాలుగింటి నుంచి కరెంటు లేదని నాకు తెలుసు, అయినా అడగకుండా సంతకం పెట్టాను. మొగులయ్య.

నాకు ఏడుపు ఆగలేదు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదేమో.

సేటు రాగానే ఆ కాగితం అతని చేతిలో పెట్టారు. అతను రెండు లైన్లూ చదివాడు. మళ్లీ చదివాడు. నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఇన్నేండ్ల సంది ఈ బండి పట్టుకొని తిరుగుతున్న సార్. అందరు మా అన్న బండిదే తప్పన్నరు. నాది తప్పని ఇప్పటిదాక ఒక్కడు గిట్ల రాసియ్యలే. ఎన్ని రోజులైతయో కానియ్యున్రి."

బండి అక్కడే వదిలి, బస్సెక్కి జోగిపేట వెళ్లిపోయాడు.

సార్ నన్ను పని నుంచి తప్పించలేదు. పాత మీటరు మళ్లీ బ్లోయర్‌కి నా చేతే బిగించారు. పది గడులూ మొదటి నుంచి నింపాను. కరెంటు పోతే కూర్చున్నాను, వస్తే లేచాను. మూడో రోజుకి పని అయింది. ఈసారి సేటే తోలాడు. అదే ఎత్తు మీద గట్టిగా తొక్కాడు. ఈల సాగింది, చప్పుడు లేదు. కంది ఊరు దాటాక గానీ సేటు కాలు తీయలేదు.

సార్ పోయి ఆరేళ్లయింది. నేనిప్పుడు ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్ల విభాగం చూస్తున్నాను. పోయినేడు మా విభాగంలో ఒక తప్పు రీడింగు బయటపడింది. రాసింది నాకంటే రెండేళ్లు పెద్దవాడైన టెక్నీషియన్. పైవాళ్లు మీటింగులో ఎవరు రాశారని నన్నే అడిగారు. అతని పేరు నా నాలుక చివర దాకా వచ్చింది, అబద్ధమెందుకు? అప్పుడు కాగితం కింద నా సంతకం కనిపించింది. నేను చూడకుండా సంతకం పెట్టానని చెప్పాను. నాదేదో పెద్ద ధైర్యమేమీ కాదు. బయటికి రాగానే అతను, మేడమ్, నా పేరు చెప్తరనుకున్న అన్నాడు. నేనూ అదే చెబుదామనుకున్నానని ఒప్పుకున్నాను. తర్వాత ఇద్దరం వెళ్లి ఆ మీటరు విప్పాం.