టైపు టీచరమ్మ రికార్డు ప్లేయరు

ఆమెను అందరూ టైపు టీచరమ్మ అనేవారు. మందుల షాపు పైన మేడగదిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు టైపు నేర్పింది. ఇరవై నాలుగు మిషన్లు, ఒక రికార్డు ప్లేయరు, పన్నెండు రికార్డులు. పిల్లల చేతికి లయ పట్టుబడాలని సంగీతం పెట్టేది. దరువు పడినప్పుడల్లా అందరి వేళ్ళూ ఒక్కసారే పడాలి. ఒక్క వేలు వెనకబడితే చాలు, అటు తిరిగి నిలబడి కూడా "మూడో వరుస, కిటికీ పక్క మిషను!" అని పట్టేసేది.

నేర్చుకునేవాళ్ళు తగ్గి తగ్గి చివరికి ముగ్గురు మిగిలారు. యజమాని గదికి తాళం వేశాడు. మిషన్లనూ, వాటితోపాటు ప్లేయరు శబ్దాన్ని పెంచే పాత యాంప్లిఫయరునూ తుక్కు వ్యాపారి బండికెత్తుకుపోయాడు. రికార్డు ప్లేయరునూ రికార్డులనూ మాత్రం ఆమె బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మర్నాటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా ఈ గదిలోంచి ఆ గదిలోకి, అక్కణ్ణుంచి వరండాలోకి. తుడిచిన గూడే మళ్ళీ తుడిచేది. భోజనం దగ్గర కూడా ఎడమచేయి బల్ల మీద టకటకలాడుతూనే ఉండేది.

"ఆ వేళ్ళకి కాస్త సెలవియ్యరాదూ?" అనేవాడు భర్త. ఆయన బస్సు డిపోలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరైన మనిషి. ముందుగదిలో ఆయన మోజుపడి కొనుక్కున్న స్టీరియో ఉంది. మధ్యలో యాంప్లిఫయరు, అటూ ఇటూ నడుమెత్తు స్పీకర్లు. దాంట్లో పొద్దునా సాయంత్రం రేడియో వార్తలు వింటాడు. ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

"ఏమండీ, దీన్ని మీ స్టీరియోకి తగిలించి పెట్టరూ?" అని అడిగిందామె.

"ఆ రెంటికీ పొత్తు కుదరదు. దాని జోలికి పోకు."

వద్దన్నాక ఊరుకునే మనిషి కాదామె. ఆయన కూరగాయలకు వెళ్ళగానే స్టీరియోను గోడ నుంచి ముందుకు జరిపింది. ప్లేయరు వెనక నుంచి ఒక ఎర్ర తీగ, ఒక తెల్ల తీగ వేలాడుతున్నాయి. యాంప్లిఫయరు వెనక ఎర్ర రంధ్రం, తెల్ల రంధ్రం కనిపించాయి. "ఇంతేనా!" అనుకుంది. తీగలు గుచ్చి, రికార్డు పెట్టి, సూది దించింది.

ఏదో వినపడింది. ఎక్కడో నాలుగిళ్ళ అవతల దోమ పాడుతున్నట్టు. శబ్దం పెంచే మీటను సగానికి తిప్పింది. దోమ మూడిళ్ళ అవతలికి వచ్చింది. మీటను చివరిదాకా తిప్పినా అంతే. విసుగొచ్చి, సూది ఎత్తేసి, స్నానానికి వెళ్ళింది.

ఇంతలో ఆయన వచ్చాడు. వార్తల వేళయింది. శబ్దం మీట ఎక్కడుందో చూసుకోకుండా స్టీరియోను రేడియోకి మార్చాడు.

ఇల్లు అదిరిపోయింది. వార్తలు చదివేవాడు నెత్తినెక్కి అరిచినట్టయింది. ఆయన చేతిలో సంచీ జారి వంకాయలు గదంతా దొర్లాయి. పక్కింటావిడ గరిట చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చి, "ఏం కూలింది?" అని అడిగింది.

ఆయన తీగలు పీకేసి, స్నానం ముగించి వచ్చిన ఆమె ముందు పెట్టాడు. కేకలేసినా బాగుండేదనిపించిందామెకు. ఆ పూటంతా వంటింట్లో గిన్నెలే మాట్లాడాయి.

మర్నాడు తెల్లారగానే రేడియో మేస్త్రీ కొట్టుకు వెళ్ళింది. అతను తలుపులైనా తియ్యలేదు. వీధి చివరిదాకా నడిచి మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి తీశాడు.

"తప్పు మీది కాదు టీచర్ గారూ," అన్నాడు అంతా విని. "సూది నుంచి వచ్చే శబ్దం పురిటిబిడ్డ గొంతంత. యాంప్లిఫయరుకేమో పెద్దాళ్ళ మాటైతేనే వినిపిస్తుంది. రికార్డు ప్లేయరు కోసమే 'ఫోనో' అని రాసిన రంధ్రం ఉంటే అందులో గుచ్చాలి. ఉందా?"

"లేదు. అక్షరమక్షరం చదివాను."

"అయితే ఈ చిన్న పెట్టె మధ్యలో పెట్టండి. శబ్దానికి బలమిస్తుంది."

సబ్బుపెట్టె కన్నా పెద్దది కాదది. ఇంటికొచ్చి ప్లేయరును పెట్టెకు, పెట్టెను స్టీరియోకు కలిపింది. ఈసారి మీట అడుగునే ఉందని రెండుసార్లు చూసుకుంది. సంగీతం వచ్చింది! దాని కింద, ఆగకుండా, గుయ్‌మని కందిరీగల మోత కూడా వచ్చింది.

తీగలు ఊపింది. పెట్టె జరిపింది. స్పీకర్లను తట్టింది. మోత పోలేదు. పడక్కుర్చీలో పేపరు వెనక దాక్కున్న ఆయన ముందు కాలు మార్చాడు, తర్వాత పేపరు మార్చాడు. పావుగంటకు ఇక ఓర్చుకోలేక లేచాడు.

"ఆ మోత నా నరాలు తోడేస్తోంది. తప్పుకో." వంగి ప్లేయరు వెనక తడిమాడు. "ఈ సన్న తీగేది? కొసన కొక్కెం ఉన్నది?"

"ఎక్కడా పట్టలేదు. అడ్డమొస్తోందని కిందికి మడిచేశా."

"ఎర్తు తీగే అది! దాన్ని మడిచేస్తే మోత పెట్టక ఏం చేస్తుంది?"

జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. పొద్దుటి నుంచీ జేబులోనే ఉంచుకున్నాడన్నమాట. పెట్టె వెనకున్న మర వదులు చేసి, కొక్కెం దూర్చి, బిగించాడు. మోత టక్కున ఆగింది.

రికార్డు తిరుగుతోంది. ఆమె వేళ్ళు వాటంతటవే బల్ల అంచున పడసాగాయి. మూడో నిమిషంలో ఉలిక్కిపడింది.

"ఏమండీ, ఇంకా ఏదో తేడాగా ఉంది. సన్నగా ఫిడేలు వినపడుతోంది. ఈ రికార్డులో ఫిడేలు లేదు. వెయ్యిసార్లు పెట్టాను, నాకు తెలీదా?"

ఆయన వంగి తీగలన్నీ మళ్ళీ చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. చెవి పెట్టి విన్నాడు.

"రికార్డులోదే అది. ఇరవై నాలుగు మిషన్ల మోతలో నీకెలా వినపడుతుంది?"

ఆమె నమ్మలేదు. సూది ఎత్తి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. అదే చోట, దరువు కింద నుంచి, ఫిడేలు మెల్లగా పైకొచ్చింది. ఎవరి వేలు వెనకబడిందో పట్టుకోవడానికే ఇన్నేళ్ళూ చెవి ఒగ్గింది తప్ప, రికార్డును రికార్డుగా ఎన్నడూ విననేలేదు. ముఖం వేడెక్కింది. తన క్లాసులోనే ముప్ఫై ఒక్క సంవత్సరాలు కూర్చున్న పిల్లను పేరైనా అడగలేదని ఇవాళ తెలిసినట్టయింది.

"కూర్చుని విను," అన్నాడాయన, కుర్చీ జరుపుతూ.

"కూర్చోలేను. మిగతా పదకొండింట్లో ఏమేం ఉన్నాయో!"

అప్పటికే రెండోది అట్టలోంచి సగం బయటికి లాగేసింది.