మలావీలో నా ఒక్కపొద్దు

ఆత్మకూరులో నా గురించి ఒక మంచి మాట తిరుగుతోంది. ఆఫ్రికాలో కరువు ఊళ్ళకు సేవ చేయడానికి వెళ్ళినప్పుడు, నాకు పెట్టిన తిండి పిల్లలకు ఇచ్చేసి నేను పస్తున్నానట. బడికి పిలిచి శాలువా కూడా కప్పారు. ఆ మాట నిజం కాదు. నిజం చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఆత్మకూరు బజారులో సరుకుల అంగడి. ఉప్పు, పప్పులతో పాటు ఉదయగిరి కొయ్య గరిటెలు కూడా అమ్మేవాళ్ళం. ఏఎస్ పేట దర్గాకు వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళు వాటిని ఇష్టంగా కొనేవాళ్ళు. ఆ గరిటెలు తేవడానికి అవ్వ తనే బస్సెక్కి ఉదయగిరి పోయేది. సెలవుల్లో నేనూ వెంటపడేవాణ్ణి. కిటికీ పక్కన సీటు నాది, కాళ్ళ దగ్గర సంచి అవ్వది. దూరాన కోట కొండ కనిపించగానే నేను లేచి నిలబడేవాణ్ణి, అవ్వ చొక్కా పట్టి కూర్చోబెట్టేది.

గరిటెలు చెక్కే ఇల్లంతా కొయ్యపొట్టు వాసన వేసేది. ఆ వాసన ఇప్పుడు తగిలినా నాకు పదేళ్ళ వయసు వచ్చేస్తుంది. ఆ ముస్లిం కుటుంబానికి కొత్తగా వచ్చిన కోడల్ని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి గిన్నెలో పెట్టి తెచ్చేది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టేది.

"ఈ పొద్దు ఒక్కపొద్దు తల్లీ."

"పోయిన తూరి మంగళారం వచ్చి ఒక్కపొద్దన్నావు. ఈ పొద్దు శుక్రారం వచ్చి ఒక్కపొద్దంటుండావు. మీ దేవుళ్ళు నిన్ను కూడే తిననీరా అవ్వా?"

"నా దేవుళ్ళు శానామంది గదే!" అని అవ్వ నవ్వేది. అక్క కూడా నవ్వి గిన్నె లోపలికి తీసుకుపోయేది.

బస్టాండుకు రాగానే అవ్వ సంచిలోంచి పులిహోర పొట్లం తీసేది. ఇద్దరం తినేవాళ్ళం. అంత రుచైన పులిహోర నేను మళ్ళీ తినలేదు. అక్క ఇంట్లో ఎందుకు తినకూడదో నేనెప్పుడూ అడగలేదు. అడగకుండానే తెలిసిపోయింది.

నలభై దాటాక, నెల్లూరు స్నేహితుడొకడి ద్వారా ఒక సేవాసంస్థతో మలావీ వెళ్ళాను. వానల్లేక పంట పోయిన ఊళ్ళకు ఆ సంస్థ మొక్కజొన్న పిండి, నూనె ఇచ్చేది. సరుకు కొలిచి ఇవ్వడం పుట్టినప్పటి నుంచీ తెలిసిన పని, అదే నాకు అప్పగించారు. వెళ్తూ వెళ్తూ ఉదయగిరి గరిటెలు కొన్ని పెట్టెలో పెట్టుకున్నాను, ఎవరికైనా ఇవ్వడానికి.

పెద్ద గరిటె ఒక విధవరాలికి ఇచ్చాను. ఆమె ఇంటి ముందు చెట్టు కిందే మేం పిండి పంచేది. ఆమె గరిటెను ఇటూ అటూ తిప్పి చూసి, నవ్వి, అప్పటికప్పుడు పొయ్యి వెలిగించింది. నేను కొలిచి ఇచ్చిన పిండితోనే, నేనిచ్చిన గరిటెతోనే కలియబెట్టింది. వాళ్ళు తినేది అచ్చం మన సంగటి లాంటిదే, తెల్లగా ఉంటుంది, అంతే. నంజుకోవడానికి గుమ్మడాకు కూర. నేను మాంసం తిననని ఎవరో ఆమెకు ముందే చెప్పారట. ఆమె పిల్లలు చేతులు కడుక్కుని వరసగా కూర్చున్నారు.

ఆమె పళ్ళెం నా ముందు పెట్టింది. నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్ళింది. "ఈరోజు నాకు ఉపవాసం, దేవుడి కోసం" అన్నాను. నీళ్ళు మంచివో కావో అని తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీళ్ళు కాదు. చిన్నప్పుడు బస్సులో అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్న, మేమే ఎక్కువ అనే బుద్ధి.

మా మాటలు వాళ్ళ భాషలోకి మార్చి చెప్పడానికి ఆ ఊరి బడిపంతులు వచ్చేవాడు. ఆయన నా మాట ఆమెకు చెప్పాడు. ఆమె తల వంచి, పళ్ళెం ఎత్తి, సంగటి మళ్ళీ కుండలో వేసి మూత పెట్టింది. పిల్లలు లేచి వెళ్ళిపోయారు.

తిరుగు దారిలో, బండిలో, పంతులు మెచ్చుకోలుగా అన్నాడు: "దేవుడి కోసం అతిథి పస్తుంటే ఆ ఇంట్లో కూడా ఎవరూ తినరు. పిల్లలు కూడా. ఇక రేపటికే ఆ కుండ మూత తీసేది."

బండి తిప్పమంటే డ్రైవరు తిప్పేవాడు. నేను వెళ్ళి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు. కానీ అబద్ధం బయటపడుతుందని కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. మర్నాడు మమ్మల్ని వేరే ఊరికి మార్చారు. ఆమెను మళ్ళీ చూడలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడతో, ఆ రోజు నేను తినలేదని మాత్రం చెప్పాను. మిగతాది బజారు కల్పించింది. నేను కాదనలేదు. శాలువా కప్పేటప్పుడు మెడ వంచాను.

మొన్న గరిటెల కోసం ఉదయగిరి వెళ్ళాను. అక్క జుట్టు పూర్తిగా నెరిసింది. అరుగు మీద కూర్చుని ఆకురాయితో గరిటె అంచు రుద్దుతోంది.

"రా శెట్టీ! బిడ్డలకు పెట్టి నువ్వు పస్తుండావంట గదా? ఇక్కడిదాకా వచ్చింది ఆ మాట." ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "ఏంది, మీ అవ్వ ఒక్కపొద్దేనా?"

ఆత్మకూరంతా నమ్మినదాన్ని ఆమె ఒక్కతే నమ్మలేదు. అంతా చెప్పేశాను. ఆమె చేతిలో ఆకురాయి ఆగింది.

"అయితే ఆ బిడ్డలు ఎప్పుడు తిన్నారు?"

"తెలీదక్కా."

"తెలీదా?" అంది. గరిటె అంచు మళ్ళీ రుద్దింది. తర్వాత లేచి లోపలికి పోయి పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నం, చింతచిగురు పప్పు. ఇంకేం కలవలేదు, బయపడబాక."

ఆమె మనవలిద్దరు గడపలో తమ పళ్ళేలు ముందు పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

"చూస్తావేంది శెట్టీ? నువ్వు మొదలుపెడితే గదా వాళ్ళు తినేది."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. గడపలో పిల్లలు గబగబా తినడం మొదలుపెట్టారు.