బాలస్వామి ముక్కు

కారు స్టార్టు కాకపోతే నల్లపాడు మెకానిక్కు బాలస్వామి ముందు ముక్కుకే పని చెబుతాడు. కార్బురేటరులో వేలు ముంచి, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. మధ్యాహ్నం భార్య రెబ్కా క్యారియరు తెస్తే, మూత తియ్యకముందే కూరేమిటో చెప్పేస్తాడు. కానీ షెడ్డు పక్కనే మిరపకాయల గోడౌను. ఏళ్ల తరబడి పీల్చిన ఆ ఘాటుకు ఈ వేసవిలో వాసనే తెలియకుండా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వేలు ముంచి కళ్లు మూసుకోవడమూ, రోజును బట్టి కూరేమిటో ఊహించి చెప్పడమూ మానలేదు.

ఆ రోజు, ఒంగోలు ఆసుపత్రిలో ఉన్న తల్లి కోసం బయల్దేరిన త్యాగరాజు గారి అంబాసిడర్ షెడ్డు ముందే ఆగిపోయింది. బాలస్వామి వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, "పెట్రోలు బాగానే ఉందండి" అన్నాడు. ప్లగ్గులు తుడిచాడు, పాయింట్లు గీకాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు. త్యాగరాజు గారు గడియారం చూసుకుంటున్నారు. అప్పుడే వచ్చిన రెబ్కా, కొంగుతో మొగుడి చెయ్యి తుడవబోయి ఆగింది.

"ఇది మన స్టవ్వు వాసన కదయ్యా!" అంది, అతనికి మాత్రమే వినపడేట్టు.

బాలస్వామి ఆమె ముఖంలోకి చూశాడు. "కిరసనాయిలు కలిసిందండీ" అని గట్టిగా చెప్పి, ట్యాంకు ఖాళీ చేసి మంచి పెట్రోలు పోశాడు. కారు వెళ్లిపోయింది. క్యారియరు ముందు పెట్టి, రెబ్కా అలవాటుగా మూత తియ్యకుండా ఆగింది.

"ఏం కూర వండావే?" అని అడిగాడు బాలస్వామి.