రాకుమారుణ్ణి ఊడబెరికిన మా మేనత్త

మా మేనత్తకు ఒక్కటే జబ్బు. నవలల్లో కథానాయికలను తిడుతుంది. మనసులో కాదు, పైకే. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని తిట్టినట్టు తిడుతుంది.

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు బైండింగ్ చేయడం ఆవిడ ఉద్యోగం. వెనక గదిలో కిటికీ పక్కన ఆవిడ బల్ల, దాని మీద జిగురు గిన్నె, దబ్బనం, దారపు ఉండ. ముందు గదిలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే చోట నేను. మధ్యలో పలచటి చెక్క గోడ. "ఛీ, సిగ్గులేనిదానా! వాడు పిలవగానే పరిగెత్తడమేనా?" అని గోడ అవతలి నుంచి వినిపిస్తే, పేపరు చదువుకుంటున్న పెద్దమనుషులు ఉలిక్కిపడి నా వంక చూసేవారు. "నన్ను కాదండీ, నూట పన్నెండో పేజీలో అమ్మాయిని" అని సర్దిచెప్పడం నా ఉద్యోగంలో సగం.

ఆవిడ తిట్టని కథానాయిక నాకు తెలిసి ఒక్కతే. కుర్రకారు కోసం రాసిన మాయాలోకపు నవల అది, మూడు భాగాలు. మొదటి భాగంలో పదిహేడేళ్ళ పిల్ల నదులతో మాట్లాడుతుంది, వాటి దారి మళ్ళిస్తుంది, ఎవరూ అడుగుపెట్టని లోయలకు పటాలు గీస్తుంది. అత్త దానికి ఏటిపిల్ల అని పేరు పెట్టుకుంది. "పిల్లంటే ఇదే!" అని రోజుకోసారి నాతో అనేది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పుస్తకం చివర మడతపెట్టి ఉన్న పటాన్ని చూసి చూసి నాకు పటాల పిచ్చి పట్టింది. దూరంగా ఉన్న సర్వే శిక్షణాలయానికి దరఖాస్తు పెట్టాను. సీటు కూడా వచ్చింది.

రెండో భాగం కోసం ఇద్దరం రెండేళ్ళు కాచుకుని కూర్చున్నాం. నాకు సీటు వచ్చిన రోజుల్లోనే అదీ వచ్చింది. మూడో అధ్యాయంలో ఒక రాకుమారుడు దిగాడు. పొగ రంగు కళ్ళు, నుదుటి మీద పడే జుట్టు. "నా దగ్గరికి రాకు, నేను మంచివాణ్ణి కాదు" అంటాడు, అంటూ తనే దగ్గరికి వస్తాడు. అంతే, ఏటిపిల్ల పటాలు అవతల పడేసింది. నదిని నిలబెట్టిన పిల్ల, మోకాలి లోతు వాగు దాటడానికి వాడి గుర్రం ఎక్కింది. వాడెందుకు అలిగాడా అని నలభై పేజీలు ఆలోచించింది. ఇప్పటికీ ఆ రాసినవాళ్ళను తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక మంచి పిల్లను మన చేతిలో పెట్టి, మనం మనసిచ్చాక, దాన్ని దద్దమ్మను చేశారు.

అత్త రెండు రోజులు ఆ పుస్తకాన్ని బల్ల కింద పడేసి ఉంచింది. మూడో రోజు ఆ పుస్తకం కుట్లు విప్పి, రాకుమారుడున్న పేజీలన్నీ ఊడబెరికి, మిగిలినవి కుట్టి అట్ట వేసింది.

"ఏమ్మా, ఈ పుస్తకం చిక్కిపోయినట్టుందే?" అన్నారు లైబ్రేరియన్ గారు.

"జబ్బు చేసిందండీ. ఇప్పుడు నయమే."

పాపం, రాకుమారుడితో పాటు ఒక యుద్ధం కూడా ఊడిపోయింది. ఒక పాఠకుడు వచ్చి, "యుద్ధం మొదలైంది, పేజీ తిప్పేసరికి అయిపోయింది. ఇంతకీ ఎవరు గెలిచారండీ?" అని అడిగాడు.

"ఆ పిల్లే. ఇంకెవరు గెలుస్తారు?" అంది అత్త, దబ్బనం పైకెత్తి. అతను మళ్ళీ అడగలేదు.

ఊడబెరికిన కాగితాలను ఆవిడ పారేయలేదు. కుట్టు కదలకుండా పుస్తకం వెన్నుకు లోపల ఒక గట్టి కాగితం అంటిస్తారు. దానికి పాత కాగితం ఏదైనా సరిపోతుంది. కుట్టుపని పుస్తకానికీ, పశువైద్యం పుస్తకానికీ, లోపల మా రాకుమారుడే. "ఎందుకూ పనికిరాడనుకున్నానే. ఆవులకు పనికొచ్చాడు" అనేది తృప్తిగా.

ఆ రోజుల్లో నాకు ఏటిపిల్ల మీద అత్తకున్నంత కోపం రాలేదు. కారణం చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నాకూ ఒక రాకుమారుడు ఉన్నాడు. ఫోటో స్టూడియోలో పని. కళ్ళు పొగ రంగు కాదు, నిద్ర చాలని ఎరుపు. "నన్ను నమ్ముకోకు, బాధపడతావు" అన్నాడు మొదటిసారి టీ తాగుతూ. అతను ఉన్న మాటే చెబుతున్నాడని నాకు తట్టలేదు. ఎంత లోతైన మనిషో అనుకున్నాను. సీటు వచ్చిందని చెబితే మూడు రోజులు ఫోనెత్తలేదు. నాలుగో రోజు, "నువ్వెళ్ళిపోతే నేనేమైపోవాలి?" అన్నాడు.

అత్త నాతో ఒక్క ముక్క అనలేదు. గోడ అవతల మాత్రం మోత మోగిపోయేది. "ఏమే ఏటిపిల్లా, వాడు మూడు రోజులు పలక్కపోతే అది గాంభీర్యమా? బద్ధకమే పిచ్చిమొహమా! ఏమైపోతాడట? అన్నం తిని పడుకుంటాడు!"

ఊడబెరికిన పుస్తకాన్ని ఇంకా ఎందుకు తిడుతోందని విసుక్కున్నానే తప్ప, నా మట్టిబుర్రకు ఇంకేమీ వెలగలేదు.

చివరికి శిక్షణాలయానికి ఉత్తరం రాశాను, సీటు వద్దని. కవరు అంటించి లైబ్రరీ ఉత్తరాలతో పాటు పెట్టాను. "ఇటివ్వు, అటే వెళ్తున్నా, డబ్బాలో వేసేస్తా" అని అత్త తీసుకుంది. కవరు మీద చిరునామా చూసింది. నా మొహం చూడలేదు.

రెండు వారాలకు రాకుమారుడికి వేరే ఊళ్ళో పెద్ద స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. నేనేమైపోతానని అతను అడగలేదు. రెండు ముక్కల మెసేజీ పెట్టి రైలెక్కాడు. నేను కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, పుస్తకాల మీద తేదీ ముద్రలు వేస్తూ ఏడ్చాను. అతను పోయినందుకు సగం, పోయిన సీటుకు సగం.

అప్పుడు శిక్షణాలయం నుంచి ఫోను. "వస్తున్నారో రావడం లేదో మీరు ఏమీ తెలియజేయలేదు. సోమవారంలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాం."

పరిగెత్తుకుంటూ వెనక గదిలోకి వెళ్ళాను. "అత్తా, నా ఉత్తరం వాళ్ళకి అందనేలేదట!"

"చూశావా, పోస్టు వాళ్ళు మరీ ఇలా తయారయ్యారు" అని తల పంకించింది అత్త. "పెట్టె సర్దుకో."

ఎనిమిదేళ్ళయింది. నేనిప్పుడు నదులకు పటాలు గీస్తాను. మొన్న సెలవుకు వెళ్తే అత్త అదే బల్ల దగ్గర ఉంది, కళ్ళద్దాలు మాత్రం మందమయ్యాయి. ఏటిపిల్ల మొదటి భాగాన్ని నా ముందుకు తోసింది. చదివి చదివి అట్ట ఊడిపోయింది. "నాకు కళ్ళు ఆనడం లేదు. వెన్ను కాగితం నువ్వు ఒలువు."

తడి గుడ్డతో నానబెట్టి ఒలిచాను. లోపలి వైపు నా చేతిరాత. 'వ్యక్తిగత కారణాల వల్ల ఈ అవకాశాన్ని వదులుకుంటున్నందుకు...' దాని మీద అడ్డంగా అత్త పెన్సిలు రాత: 'దద్దమ్మ.'

కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "నా ఉత్తరం ఆపడానికి నువ్వెవరు అత్తా? ఒకవేళ అతను మంచివాడై ఉంటే?"

"మంచివాడైతే సీటు వద్దని నిన్ను రాయనిచ్చేవాడా?"

"పోనీ నాతో చెప్పొచ్చు కదా!"

"రెండు నెలలు గొంతు చించుకున్నాను కదే, గోడ ఇవతలి నుంచి. నువ్వేమో పుస్తకాన్ని తిడుతున్నానని అందరికీ సర్దిచెప్పావు."

కొత్త కాగితం కోసం చెయ్యి చాచాను.

"అదెందుకు దండగ? ఎనిమిదేళ్ళు కదల్లేదు. అదే అంటించు" అంది అత్త, జిగురు గిన్నె నా వైపు జరుపుతూ. "రాత లోపలికి పెట్టు. ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

జిగురు రాసి, రాత లోపలికి పెట్టి, గట్టిగా అదిమి అంటించాను.